బ్రెస్ట్ కాన్సర్ ట్రీట్‌మెంట్‌లో షుగర్ కూడా ఉంటే తిండి, నడక, మీటర్ ఎలా చూసుకోవాలి

బ్రెస్ట్ కాన్సర్ అని రిపోర్ట్ వచ్చిన రెండో రోజు నుంచే ఇంట్లో తిండి మీద పంచాయితీ మొదలవుతుంది. మేనత్త వచ్చి కీమో అంటే మాటలా, ఒంట్లో బలం ఉండాలి, బాగా తినమ్మా అని బత్తాయిలు, మాల్ట్ పౌడర్ డబ్బా పెట్టి వెళ్తుంది, ఆవిడ గేటు దాటకముందే ఎవరో ఒకరు వాట్సాప్‌లో వీడియో పంపిస్తారు, చక్కెర కాన్సర్‌కి మేత అంట, అన్నం మానెయ్, పాలు మానెయ్ అని. మనిషికి అప్పటికే షుగర్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు, ఏం పెట్టాలన్నా భయమే.

నేను డాక్టర్ని కాదు, షుగర్ ఉన్న మా పిన్నికి ట్రీట్‌మెంట్ అయినన్నాళ్లు దగ్గరుండి చూసుకున్నదాన్ని, డాక్టర్లని, డైటీషియన్లని, ఫిజియోథెరపిస్టుని విసిగించి మరీ అడిగి తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నా. మొత్తం ట్రీట్‌మెంట్‌కి ఒకటే డైట్ చార్ట్ గోడకి అంటించుకుంటే పని జరగదు. కీమో క్యాలెండర్ పక్కన పెట్టుకుని, ఆ వారం ఏ మందు పడింది, ఒంట్లో ఏం జరుగుతోంది అని చూసి తిండి, నడక, షుగర్ టెస్టింగ్ మార్చుకుంటూ పోవాలి. ఏది మారినా కండ మాత్రం కరగకుండా చూసుకోవాలి.

ముందు ఆ చక్కెర సంగతి

చక్కెర కాన్సర్‌కి మేత అనే మాట ఊరికే గాల్లోంచి పుట్టలేదు. 1920ల్లో ఒట్టో వార్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త కాన్సర్ కణాలు గ్లూకోజ్‌ని మామూలు కణాల కంటే ఎక్కువగా లాగేసుకుంటాయని చూపించాడు, ఇప్పటికీ పెట్ స్కాన్ నడిచేది ఆ సూత్రం మీదే, రేడియోయాక్టివ్ గ్లూకోజ్ ఎక్కించి అది ఎక్కడ పోగవుతుందో చూస్తారు. అంతవరకు నిజం. అక్కడి నుంచి అన్నం మానేస్తే కాన్సర్ ఆకలితో చస్తుంది అనే దగ్గరే తేడా కొడుతుంది, ఎందుకంటే మీరు ఏమీ తినకపోయినా లివర్ ఊరుకోదు, గ్లూకోజ్ తయారు చేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది, కావాలంటే కండలు కరిగించి మరీ చేస్తుంది. అంటే కాన్సర్‌కి అందాల్సింది అందుతుంది, ఒంట్లో కండ మాత్రం పోతుంది.

అసలు ముడి ఉన్నది ఇన్సులిన్‌తో, పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వుతో. బరువు పెరిగి ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోతే ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా తిరుగుతుంటుంది, అది కణాలు పెరగడానికి సిగ్నల్ లాంటిది. పైగా నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తయారయ్యేది చాలావరకు కొవ్వులోనే, హార్మోన్ పాజిటివ్, అంటే హార్మోన్ల అండతో పెరిగే కాన్సర్ ఉన్నవాళ్లకి అది మంచిది కాదు. అలాగని ఇన్సులిన్ తగ్గించే మాత్ర వేసుకుంటే సరిపోతుందా అంటే అదీ చేసి చూశారు. కెనడా వాళ్లు ముందుండి నడిపిన ఎంఏ.32 అనే ట్రయల్‌లో 3,649 మంది బ్రెస్ట్ కాన్సర్ పేషెంట్లలో షుగర్ లేని వాళ్లకే సగం మందికి మెట్‌ఫార్మిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర 5 ఏళ్లు ఇచ్చారు, 2022లో ఫలితాలు వచ్చాయి, కాన్సర్ తిరిగి రాకుండా ఆపడంలో తేడా ఏమీ లేదు. కాబట్టి మెట్‌ఫార్మిన్ షుగర్ కోసం వేసుకోండి, కాన్సర్ మందు అనుకుని పక్కింటావిడ స్ట్రిప్ తెచ్చుకోకండి.

టీలో ఒక స్పూన్ చక్కెర పడిందని రాత్రంతా ఏడ్చిన వాళ్లని చూశాను. అంత అవసరం లేదండి. షుగర్ కంట్రోల్ చేయాల్సింది వేరే కారణాలకి: ఆపరేషన్ కుట్లు మానాలి, కీమోలో ఇన్‌ఫెక్షన్లు రాకూడదు, కీమో సైకిల్స్, అంటే విడతలు, వాయిదా పడకూడదు, కాళ్ల నరాలు పాడవకూడదు.

ట్రీట్‌మెంట్ మొదలవకముందే చేయించుకోవాల్సినవి

హెచ్‌బీఏ1సీ టెస్ట్, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పేది, మొదటి కీమోకి ముందే చేయించండి. 5.7 లోపు నార్మల్, 5.7 నుంచి 6.4 అంటే షుగర్ గుమ్మం దగ్గర ఉన్నట్టు, 6.5 ఆ పైన అంటే వచ్చేసినట్టు. ముందే ఎందుకంటే కీమోలో రక్తం తగ్గుతుంది, కొందరికి రక్తం ఎక్కించాల్సి వస్తుంది, అప్పుడు ఈ టెస్ట్ నంబర్ నమ్మడానికి ఉండదు, షుగర్ 250లో ఉన్నా హెచ్‌బీఏ1సీ బుద్ధిమంతుడిలా కనిపించొచ్చు. కీమో నడిచే నెలల్లో ఇంట్లో గ్లూకోమీటరే దిక్కు. మీటర్, స్ట్రిప్స్ ముందే కొని పెట్టుకోండి, స్ట్రిప్ డబ్బా మీద ఎక్స్‌పైరీ చూసుకోండి, వేలు పొడిచే ముందు స్పిరిట్ కంటే సబ్బుతో కడిగి తుడుచుకోవడం నయం, పండు కోసిన చేత్తో టెస్ట్ చేస్తే నంబర్ ఎక్కడికో పోతుంది. ఆపరేషన్ అయిన వైపు కాకుండా రెండో చేతి వేళ్లే వాడండి.

రెండోది, షుగర్ మాత్రల స్ట్రిప్పులన్నీ కవర్లో వేసుకుని ఆంకాలజిస్ట్ ముందు పెట్టండి. పేర్లు చెప్పడం కాదు, స్ట్రిప్పులే చూపించండి. మన దగ్గర కాన్సర్ డాక్టర్ ఒక హాస్పిటల్లో, షుగర్ డాక్టర్ ఊళ్లో ఉంటారు, ఇద్దరి మధ్య ఫైల్ మోసేది మనమే. అందులో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఉంటే ప్రత్యేకంగా అడగండి, ఆపరేషన్‌కి కనీసం 3 రోజుల ముందు వాటిని ఆపమంటారు, వాంతులై ఏమీ తినలేని రోజుల్లో కూడా అవి ప్రమాదం, షుగర్ నంబర్ మామూలుగా కనిపిస్తూనే ఒంట్లో ఆమ్లాలు పెరిగిపోయే పరిస్థితి రావచ్చు. గ్లిమెపిరైడ్ ఉంటే తినకుండా వేసుకోకూడదు, లో షుగర్ అవుతుంది. పెట్ స్కాన్‌కి వెళ్లేటప్పుడు కూడా షుగర్ ఉందని ముందే ఫోన్‌లో చెప్పండి, షుగర్ బాగా ఎక్కువుంటే స్కాన్ సరిగ్గా రాదని వెనక్కి పంపించేస్తారు, మెట్‌ఫార్మిన్ ఎన్ని రోజుల ముందు ఆపాలో కూడా వాళ్లే చెప్తారు.

స్టెరాయిడ్ రోజులు

ఇది చాలామందికి ఎవరూ చెప్పరు, నాకైతే ఒక నర్సమ్మ చెప్పింది. కీమోతో పాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. వాంతులు తగ్గడానికి, ప్యాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ లాంటి మందులకి అలర్జీ రాకుండా ఉండడానికి. డోసిటాక్సెల్ అయితే ముందు రోజు నుంచే మొదలుపెట్టి 3 రోజులు మాత్రలు మింగమంటారు. ఈ డెక్సా షుగర్‌ని అమాంతం పైకి తీసుకెళ్తుంది, షుగర్ లేని వాళ్లకి కూడా కొందరికి పెరుగుతుంది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. పొద్దున మాత్ర వేసుకుంటే షుగర్ పెరిగేది మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు, మళ్లీ తెల్లారేసరికి చాలావరకు దిగిపోతుంది. మనకేమో చిన్నప్పటి నుంచి షుగర్ టెస్ట్ అంటే పరగడుపున అని అలవాటు. పిన్నికి పొద్దున పరగడుపున 118 వచ్చింది, హమ్మయ్య అనుకున్నాం, ఆ నర్సమ్మ మాట గుర్తొచ్చి సాయంత్రం 5 గంటలకి మళ్లీ పొడిస్తే 342. మీటర్ పాడైందేమో అని బాబాయి తన వేలు కూడా పొడుచుకుని చూసుకున్నాడు, ఆయనకి 104. మీటర్ బాగానే ఉంది.

కాబట్టి స్టెరాయిడ్ ఉన్న రోజు, ఆ తర్వాత రెండు రోజులు పొద్దుటి టెస్ట్‌తో పాటు మధ్యాహ్నం తిన్న 2 గంటలకి, రాత్రి భోజనానికి ముందు తప్పకుండా చూడండి. నంబర్లు ఒక నోట్‌బుక్‌లో కీమో తేదీ పక్కన రాయండి, రెండు సైకిల్స్ అయ్యేసరికి మీ ఒంటి లెక్క మీకు అర్థమైపోతుంది, డాక్టర్‌కి కూడా ఆ పేజీ చూపిస్తే ఆ రోజుల వరకు మాత్ర పెంచాలా, కొన్నాళ్లు ఇన్సులిన్ పెట్టాలా అని తేల్చడం తేలిక. ఇన్సులిన్ అనగానే భయపడొద్దు, స్టెరాయిడ్ రోజులు అయిపోగానే చాలామందికి తగ్గించేస్తారు. తగ్గించాలి కూడా, లేకపోతే స్టెరాయిడ్ దిగిపోయాక అదే డోస్‌తో షుగర్ పడిపోతుంది.

ఎంత దాటితే ఫోన్ చేయాలి అనేది మొదటి కీమోకి ముందే అడిగి ఆ నోట్‌బుక్ అట్ట మీద రాసుకోండి. మాకు చెప్పింది 250 పైన వరుసగా వస్తుంటే, లేదా ఒక్కసారి 300 దాటినా ఫోన్ చేయమని. నంబర్‌తో పాటు విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మగత, వాంతులు ఉంటే ఫోన్ కాదు, హాస్పిటల్‌కే వెళ్లాలి. 70 కంటే కిందకి పడితే వెంటనే మూడు స్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్లీ చూసి, ఇంకా తక్కువుంటే మళ్లీ ఇవ్వాలి, కాస్త లేచాక రెండు ఇడ్లీలో, పెరుగన్నమో పెట్టాలి. ఆ టైమ్‌లో చక్కెర కాన్సర్‌కి మేత అని ఆలోచించే వాళ్లని గది బయట కూర్చోబెట్టండి.

స్టెరాయిడ్ రోజుల్లో ఆకలి కూడా దెయ్యంలా ఉంటుంది, రాత్రి నిద్ర పట్టదు, అర్ధరాత్రి లేచి బిస్కెట్ల డబ్బా ఖాళీ చేస్తారు. తిట్టొద్దు, అది మందు చేసే పని. బిస్కెట్ల స్థానంలో ఉడికించిన శనగల గుగ్గిళ్లు, వేయించిన వేరుశనగలు గుప్పెడు, ఉడకబెట్టిన గుడ్డు, కీరా ముక్కలు అందుబాటులో ఉంచితే సగం గొడవ తీరుతుంది. అన్నం రాత్రికి తగ్గించి మధ్యాహ్నమే తినేయడం కంటే, ఈ రెండు మూడు రోజులు మధ్యాహ్నం అన్నమే తగ్గించి పప్పు, కూర పెంచడం మేలు, పీక్ వచ్చేది ఆ టైమ్‌కే కాబట్టి.

ఏ వారం ఏం తినాలి

21 రోజుల సైకిల్ అయితే సుమారుగా ఇలా ఉంటుంది, వారం వారం ప్యాక్లిటాక్సెల్ అయితే ఈ లెక్క కుదరదు, అప్పుడు ప్రతి వారంలో స్టెరాయిడ్ రోజులు ఏవో చూసుకుంటే చాలు.

మొదటి నాలుగైదు రోజులు వికారం. ఈ రోజుల్లో డైట్ గురించి ఉపన్యాసాలు వద్దు, ఏది లోపలికి పోతే అదే తిండి. పోపు వాసనకే కడుపులో తిప్పుతుంది కాబట్టి వంటింటికి దూరంగా కూర్చోబెట్టండి, వేడి వేడిగా కాకుండా చల్లారాక పెట్టండి, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం. ఇడ్లీ, పెరుగన్నం, ఉప్పు వేసిన మజ్జిగ, పెసరకట్టు, మరమరాలు. నిమ్మకాయ వాసన కొందరికి పనిచేస్తుంది. కొబ్బరి నీళ్లు షుగర్ ఉన్నవాళ్లు తాగకూడదా అని అడుగుతారు, వాంతులు, విరేచనాలు అవుతున్నప్పుడు ఒక గ్లాసు తాగొచ్చు, మామూలు రోజుల్లో మంచినీళ్ల బదులు తాగడం మాత్రం వద్దు.

రెండో వారం, అంటే 7 నుంచి 14 రోజుల మధ్య, తెల్ల రక్తకణాలు అడుగుకి పోతాయి. ఇప్పుడు శుభ్రమే తిండి. బయటి పానీపూరీ, చెరుకు రసం, కోసి పెట్టిన పండ్ల ముక్కలు, పచ్చి మొలకలు, సగం ఉడికిన గుడ్డు వద్దు. తొక్క తీసుకుని తినే పండు నయం, అరటి, బత్తాయి, బొప్పాయి. గుడి ప్రసాదం అయినా పొద్దున చేసి సాయంత్రం పంచేది అయితే కళ్లకద్దుకుని పక్కన పెట్టండి, దేవుడు ఏమనుకోడు. నోట్లో పుండ్లు పడితే ఆవకాయ, గోంగూర పచ్చడి కొన్నాళ్లు బంద్, మెత్తగా ఉడికించిన సొరకాయ పప్పు, గుడ్డు, పెరుగు, మెత్తటి కిచిడి. జ్వరం 100.4 ఫారన్‌హీట్ దాటిందా, డోలో వేసి పడుకోబెట్టడం కాదు, అర్ధరాత్రి అయినా సరే హాస్పిటల్. షుగర్ ఉన్నవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం.

మూడో వారం నోరు బాగుపడుతుంది, ఆకలి వస్తుంది, ఇది సంపాదించుకునే వారం. ఇక్కడే ఇళ్లల్లో పాయసాలు, స్వీట్లు, జ్యూసులు మొదలవుతాయి బలం పేరుతో. కడుపు, పాంక్రియాస్ కాన్సర్లలో మనిషి చిక్కిపోతారు గానీ బ్రెస్ట్ కాన్సర్ కీమోలో చాలామంది బరువు పెరుగుతారు, పెరిగేది కొవ్వు, తగ్గేది కండ, కాంటా మీద చూస్తే మాత్రం అంతా బాగున్నట్టే ఉంటుంది. మెట్లెక్కితే తొడలు వణుకుతాయి, అప్పుడు తెలుస్తుంది.

కండకి కావాల్సింది ప్రొటీన్. కాన్సర్ ట్రీట్‌మెంట్‌లో ఉన్నవాళ్లకి రోజుకి కేజీ బరువుకి 1 గ్రాము తగ్గకుండా, కుదిరితే 1.5 గ్రాముల దాకా తినమంటారు, కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్ చెప్పినంతే. 60 కేజీల మనిషికి 60 నుంచి 90 గ్రాములు. మన మామూలు భోజనం, అంటే పళ్లెం నిండా అన్నం, ఆ పక్కన పల్చటి చారు, కొంచెం పప్పు, ఇందులో అంత రాదు. గుడ్డుకి 6 గ్రాములు, పావు లీటరు పాలకి 8, వండిన చికెన్ 100 గ్రాములకి 25 దాకా, గట్టి పప్పు ఒక కప్పుకి 7 నుంచి 9, పనీర్ 100 గ్రాములకి 18, ఎండు మీల్‌మేకర్ 30 గ్రాములకి 15. శాకాహారులైతే పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం గట్టిపప్పు, పెరుగు, సాయంత్రం శనగలో అలసందలో, రాత్రి పనీర్ లేదా మీల్‌మేకర్ కూర ఇలా కలుపుకుంటూ పోతేనే లెక్క చేరుతుంది. చేపల పులుసు తినేవాళ్లకి ఇబ్బందే లేదు.

సోయా తింటే ఈస్ట్రోజెన్ పెరిగిపోతుందంట కదా అంటారు. షాంఘైలో వేల మంది బ్రెస్ట్ కాన్సర్ వచ్చిన ఆడవాళ్లని గమనించి 2009లో రిపోర్ట్ చేశారు, సోయా తిన్నవాళ్లకి కీడు జరగలేదు. మీల్‌మేకర్, టోఫు ఆహారంగా తినొచ్చు, సోయా మాత్రలు, పౌడర్ క్యాప్సూల్స్ వద్దు.

అన్నం మానక్కర్లేదు, పళ్లెం తిప్పాలి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) వాళ్లు 2024లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో కూడా పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలన్నారు. ముందు కూర, పప్పు నాలుగు ముద్దలు వట్టివే తిని ఆ తర్వాత అన్నం కలుపుకుంటే తిన్నాక షుగర్ అంత ఎగరదు, మీటర్‌తో మీరే చూసుకోవచ్చు. అన్నం బదులు కొర్రలు, జొన్న రొట్టె తినొచ్చు గానీ అవీ పిండిపదార్థమే, కొర్ర అన్నం కదా అని రెండు పళ్లాలు తింటే నంబర్ మొహమాటపడదు. రాగి సంకటి వేరు, రాగి జావ వేరు, మెత్తగా పిండి పట్టించి పల్చగా కాచిన జావ గటగటా తాగితే షుగర్ గబగబా ఎక్కుతుంది. తాగాలనుకుంటే మజ్జిగ పోసుకుని, పక్కన ఒక గుడ్డో గుప్పెడు పల్లీలో పెట్టుకుని తాగండి. బెల్లం, తేనె, పటికబెల్లం పేర్లు వేరైనా షుగర్ లెక్కలో అన్నీ చక్కెర చుట్టాలే. రక్తం పడుతుందని దానిమ్మ, బీట్‌రూట్ జ్యూసులు గ్లాసులు గ్లాసులు పోస్తారు, కీమోలో రక్తం తగ్గేది ఎముక మజ్జలో తయారీ మందగించి, జ్యూస్‌తో అది మారదు, పండు కొరుక్కుని తినండి, జామకాయ అన్నిటికంటే బెస్ట్.

పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ మాత్రం పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్ అనే కాన్సర్ మాత్రలు వాడేవాళ్లు ముట్టుకోవద్దు, ఒంట్లో మందు మోతాదు పెరిగిపోతుంది. తిప్పతీగ కషాయం, పసుపు క్యాప్సూల్స్, యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు కీమో జరుగుతున్నంత కాలం వద్దు, తిప్పతీగతో లివర్ దెబ్బతిన్న కేసులు ముంబై డాక్టర్లు 2021లో రిపోర్ట్ చేశారు, పసుపు సప్లిమెంట్లతో కూడా అలాంటివి వచ్చాయి. కూరలో వేసే పసుపుకి ఈ గొడవ లేదు.

నడక, చేయి, బరువులు

కీమోలో ఉన్న మనిషిని కాలు కింద పెట్టనివ్వకపోవడం మన ఇళ్లల్లో ప్రేమ కింద లెక్క. నీరసానికి పడుకుంటే నీరసం పెరుగుతుంది, ఇది వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ కాన్సర్ నీరసానికి బాగా పనిచేసేది వ్యాయామమే. అమెరికాలో స్పోర్ట్స్ మెడిసిన్ నిపుణులు 2019లో కాన్సర్ పేషెంట్ల కోసం ఇచ్చిన సలహా, వారానికి 3 సార్లు అరగంట చొప్పున కొంచెం ఆయాసం వచ్చే నడక, 2 సార్లు కండకి పని చెప్పే వ్యాయామం. ఒకేసారి అరగంట నడవలేకపోతే మూడు ముక్కలు చేసుకోండి, షుగర్ ఉన్నవాళ్లకి అదే ఇంకా మంచిది, మూడు పూటలా తిన్న తర్వాత 10 నుంచి 15 నిమిషాలు. నడిచేటప్పుడు కండ ఇన్సులిన్ కోసం ఎదురు చూడకుండానే గ్లూకోజ్ లాక్కుంటుంది కాబట్టి స్టెరాయిడ్ రోజుల్లో భోజనం తర్వాత ఈ నడక సగం మందు. విజయవాడ ఎండల్లో బయటికెక్కడికి అంటారా, హాల్లోంచి వంటింటికి, వంటింట్లోంచి వరండాకి, ఫోన్ మాట్లాడుతూ తిరగండి. ఎంత స్పీడ్ అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి.

ఆపరేషన్ తర్వాత చేయి సంగతి వేరే. డ్రెయిన్, అంటే లోపలి నీరు బయటికి పోవడానికి పెట్టే గొట్టం, ఉన్నన్నాళ్లు పిడికిలి మూసి తెరవడం, మోచేయి మడవడం, భుజాలు గుండ్రంగా తిప్పడం, చేయి భుజం ఎత్తు దాటకుండా. డ్రెయిన్ తీశాక గోడకి ఎదురుగా నిలబడి వేళ్లతో గోడ మీద పాకించుకుంటూ పైకి వెళ్లాలి, ఎక్కడ లాగుతుందో అక్కడ ఆగి అయిదు లెక్కపెట్టి దిగాలి. పిన్ని పడగ్గది గోడ మీద బాబాయి రోజూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాసేవాడు, మొదట్లో గీతలు ఒకదాని మీద ఒకటి ఉండేవి, తర్వాత స్విచ్ బోర్డ్ దాటాయి, ఆ తర్వాత క్యాలెండర్ మేకు దాటాయి. ఇది సరదాకి కాదు, రేడియేషన్‌కి రోజూ చేయి తల పైకి పెట్టి కదలకుండా పడుకోవాలి, చేయి లేవకపోతే ప్లానింగ్ దగ్గరే ఆగిపోతుంది. చంకలోంచి మోచేతి దాకా తాడు లాగినట్టు గట్టిగా తగిలితే అది చాలామందికి వచ్చేదే, ఫిజియోథెరపిస్ట్‌కి చూపించండి, భయపడి చేయి కట్టేసుకోవద్దు.

చంకలో గడ్డలు తీశారు కదా జీవితంలో బిందె ఎత్తకూడదు అని అందరూ అంటారు. అమెరికాలో కాథరిన్ ష్మిట్జ్ బృందం చేసిన ట్రయల్ 2009లో వచ్చింది, అప్పటికే చేతికి వాపు ఉన్న 141 మందిని తీసుకుని, అందులో సగం మందితో మెల్లమెల్లగా పెంచుతూ బరువులు ఎత్తించారు, వాపు పెరగలేదు, పైగా బరువులు ఎత్తినవాళ్లకి వాపు తిరగబెట్టిన సందర్భాలు తగ్గాయి. కీలకం మెల్లమెల్లగా అన్నదే, ముందు ఒట్టి చేతులతో, తర్వాత అర లీటరు నీళ్ల బాటిల్, తర్వాత లీటరు, చేయి బరువుగా అనిపించినా, ఉంగరం, గాజులు బిగుతైనా ఒక మెట్టు దిగాలి. వాపు ఉన్నవాళ్లు డాక్టర్ ఇచ్చిన స్లీవ్ (చేతికి వేసే బిగుతు తొడుగు) తొడుక్కుని చేయాలి. కాళ్లకి అయితే ఇంకా సులువు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, పదిసార్లు, కాసేపు ఆగి మళ్లీ పదిసార్లు. ఒంట్లో పెద్ద కండలు తొడలవే, గ్లూకోజ్ ఎక్కువ తాగేవీ అవే.

ఎప్పుడు ఆపాలంటే, జ్వరం ఉన్న రోజు, వాంతులు విరేచనాలతో నీళ్లు పోయిన రోజు, తల తిరుగుతున్నప్పుడు, షుగర్ 70 కింద ఉన్నప్పుడు, 300 పైన ఉండి ఒంట్లో బాగోనప్పుడు. గుండె దడ, కాళ్ల వాపు, పడుకుంటే ఆయాసం ఉంటే డాక్టర్‌కి చెప్పాకే నడక, ఎర్ర మందు అనే డాక్సోరుబిసిన్, ట్రాస్టుజుమాబ్ గుండె మీద పనిచేస్తాయి కాబట్టే మధ్యలో టూడీ ఎకోలు తీస్తారు. ఎముకలకి పాకిందని చెప్పి ఉంటే ఏ వ్యాయామమైనా డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాలి.

ప్యాక్లిటాక్సెల్‌తో అరికాళ్లు తిమ్మిర్లు, షుగర్‌తోనూ అవే తిమ్మిర్లు, రెండూ కలిస్తే మేకు గుచ్చుకున్నా తెలియదు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి, రాత్రి పడుకునే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు ఎవరైనా చూడాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతుంటే బీ12 తగ్గి తిమ్మిర్లు ఇంకా పెరుగుతాయి, ఒకసారి టెస్ట్ చేయించమని అడగండి, బీ12 మాత్రలు మాత్రం సొంతంగా మొదలుపెట్టొద్దు.

కీమో అయిపోయాక

హార్మోన్ పాజిటివ్ వాళ్లకి హార్మోన్ మాత్రలు 5 ఏళ్లు, కొందరికి 10 ఏళ్లు. ఇప్పుడు స్టెరాయిడ్ లేదు కాబట్టి షుగర్ సర్దుకుంటుందని చాలామంది మీటర్ అటక మీద పెట్టేస్తారు. ఈ ఏళ్లల్లోనే బరువు నెమ్మదిగా పెరుగుతుంది. టామోక్సిఫెన్ వాడేవాళ్లకి లివర్‌లో కొవ్వు పేరుకోవచ్చు, లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ వాడేవాళ్లకి పొద్దున లేవగానే వేళ్లు, మోకాళ్లు పట్టేస్తాయి, ఎముకలు పల్చబడతాయి. కీళ్ల నొప్పికి మాత్ర మానేస్తామంటారు చాలామంది, మానకండి, వారం వారం క్రమంగా నడిచి, బరువులు ఎత్తేవాళ్లకి ఆ నొప్పి తగ్గుతుందని ట్రయల్స్‌లో కూడా తేలింది, తగ్గకపోతే మాత్ర మార్చి ఇవ్వడానికి డాక్టర్ దగ్గర వేరేవి ఉన్నాయి. కాన్సర్ మళ్లీ వచ్చి ఆల్పెలిసిబ్ ఇస్తే మాత్రం షుగర్ మొదటి వారాల్లోనే బాగా పెరగొచ్చు, మొదలుపెట్టే ముందే షుగర్ డాక్టర్‌ని కలవండి, మీటర్ మళ్లీ దించండి.

హెచ్‌బీఏ1సీ, రక్తం మామూలుకి వచ్చాక, మూడు నెలలకోసారి చేయించండి, షుగర్ లేనివాళ్లు కూడా ఏడాదికోసారి. లెట్రోజోల్ రకం మాత్ర అయితే మొదట్లోనే డెక్సా స్కాన్ ఒకటి తీయించాలి, ఇది ఎముకల స్కాన్, స్టెరాయిడ్ పేరుతో కంగారు పడొద్దు. కాల్షియం, విటమిన్ డీ రిపోర్ట్ చూసి ఎంత వేసుకోవాలో వాళ్లే చెప్తారు, తిండిలో రాగులు 100 గ్రాములకి 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఇస్తాయి, నువ్వులు, పెరుగు, తోటకూర ఉండనే ఉన్నాయి. నువ్వులు పొడి కొట్టి అన్నంలోకి వేసుకోండి, బెల్లంతో ఉండలు కట్టకండి.